పాల బిల్లు – వంటచెరకు: సంఘ కార్యదర్శులకు ఒక పాఠం

మన పాల ఉత్పత్తిదారుల సంఘాలలో పాల రిజిస్టరు ఉంటుంది. వెన్నశాతం పరీక్షల రిజిస్టరు, దాణా స్టాకు పుస్తకం, నగదు చిట్టా, వాటాధనం లెడ్జరు ఉంటాయి. సభ్యురాలి ఇంట్లో పొయ్యి దేనితో మండుతున్నదో తెలిపే పుస్తకం మాత్రం ఏ సంఘంలోనూ కనిపించదు. అది మనకెందుకని కొందరు కార్యదర్శులు అడుగవచ్చు. పాలు పితికే చేతులూ, కట్టెలు ఏరే చేతులూ ఒక్కరివే. కట్టెల కోసం పోయిన పొద్దు పశువుకు మేత కోయడంలో తగ్గుతుంది, నీళ్ళు పెట్టడంలో తగ్గుతుంది, చివరకు మన క్యానులో తగ్గుతుంది. కాబట్టి ఇది సంఘానికి సంబంధించిన విషయమే.

ఇంధన పేదరికం అనే మాట ఈ మధ్య తరచు వినవస్తున్నది. వంటకు, వెలుతురుకు, నీళ్ళు కాచుకోవడానికి అవసరమైన మంచి ఇంధనం ఇంటికి అందకపోవడమే ఇంధన పేదరికం. ఊరికి లైను రాకపోవడం, గ్యాసు బండి రాకపోవడం ఇందులో మొదటి రకం. వచ్చినా కొనే శక్తి లేకపోవడం రెండవ రకం. ఈ రెండింటి గురించి అందరూ మాట్లాడుతారు. మూడవ రకం కూడా ఒకటి ఉన్నది. ఏడాది మొత్తం మీద చూస్తే కొనే శక్తి ఉన్నది, కాని కొనవలసిన రోజున చేతిలో అంత మొత్తం లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పాడి ఇళ్ళలో నేడు ఎక్కువగా కనిపించేది ఈ మూడవ రకమే. దీనికి మందు ఇంధన శాఖ దగ్గర కంటే పరపతి సంస్థల దగ్గరే ఉన్నది. పరపతి సంస్థలలో ఆ ఇంటికి అతి దగ్గరగా ఉన్నది పాల సంఘం.

కట్టె చవకా?

కట్టెలు ఊరికే వస్తాయని, గ్యాసు ఖరీదని మనవారి నమ్మకం. దీనిని లెక్క వేసి చూడవలసి ఉన్నది. కిలో వంట గ్యాసులో సుమారు 11 వేల కిలో కేలరీల వేడి ఉంటుంది. గ్యాసు పొయ్యి మీద అందులో నూటికి అరవై వంతుల దాకా గిన్నెకు చేరుతుంది. కిలో ఎండు కట్టెలో ఉండేది మూడున్నర వేల నుండి నాలుగు వేల కిలో కేలరీలు. మూడు రాళ్ళ పొయ్యి మీద నూటికి పది, పదిహేను వంతులు మాత్రమే గిన్నెకు తగిలి మిగిలినది గాలిలో పోతుంది. అంటే కిలో గ్యాసు చేసే పనికి పన్నెండు, పదిహేను కిలోల కట్టె కావాలి. 14.2 కిలోల సిలిండరు ఒకటి మోటు లెక్కన రెండు క్వింటాళ్ళ కట్టెకు సమానం. మీ ఊరిలో క్వింటాలు కట్టె ధరను రెండుతో గుణించి చూసుకోండి. కట్టె కొని వండుకునే ఇల్లు గ్యాసు వాడే ఇంటికంటే ఏమంత తక్కువ ఖర్చు పెట్టడం లేదని తేలుతుంది. తడి కట్టె అయితే ఇంకా అన్యాయం.

మరి కొనని ఇళ్ళ సంగతి? పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు పొలం నుండి వస్తాయి. వాటికి ధర లేదన్న మాట నిజమే. కాని మోసేవారి మెడకు ధర లేదని కాదు. పొగ సంగతి చెప్పనక్కరలేదు. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిడకల విషయంలో నష్టం రెండింతలు. పొలానికి పోవలసిన ఎరువు పొయ్యిలో బూడిద అవుతుంది.

కట్టెను, పిడకను మనవారు వదలలేకపోవడానికి అసలు కారణం ధర కాదు. కట్టెను మోపు చొప్పున తెచ్చుకోవచ్చు, పిడకను రోజుకు పది చొప్పున కొట్టుకోవచ్చు. వెనుకటి రోజులలో కిరసనాయిలును సీసా చొప్పున తెచ్చుకున్నట్లే. సిలిండరును మాత్రం మొత్తంగానే కొనాలి. కూలి డబ్బు రోజుకు వస్తుంది, బీడీల డబ్బు నెలకు వస్తుంది, పాల డబ్బు పదిహేను రోజులకు వస్తుంది. గ్యాసు బండి ఈ మూడింటిలో దేని కోసమూ ఆగదు.

కోరుట్ల వైపు ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక సభ్యురాలి ఇంట్లో సిలిండరు మూలన ఉన్నది. పైన గుడ్డ కప్పి దాని మీద బీడీల చాట పెట్టారు. ఆమెకు ఒక బర్రె. పూటకు రెండు లీటర్ల చొప్పున సంఘానికి పోస్తుంది. గ్యాసు అయిపోయి నెల దాటిందన్నది. "మళ్ళీ ఎందుకు తెప్పించుకోలేదమ్మా, పాల బిల్లు వస్తున్నది కదా?" అని అడిగాను. "వస్తది సారూ. వచ్చిన్నాడే దుకాణపాయనకు ఇంత, దాణకు ఇంత పోతది. తొమ్మిది నూర్లు ఒక్కపారే యాడికెల్లి తేవాలె? వడ్డికి తెచ్చి పొయ్యి ముట్టిస్తరా ఎవలన్న?" అన్నది.

ఆ చివరి మాటను గమనించాలి. బర్రె కొనడానికి నూటికి రెండు మూడు రూపాయల నెలవారీ వడ్డీకి తేవడానికి మనవారు వెనుకాడరు. పెళ్ళికి తెస్తారు, దుబాయి వీసాకు తెస్తారు. పొయ్యికి మాత్రం తేరు. ఎందుకంటే పొయ్యి మండకపోతే కట్టె ఉన్నది, కట్టె తెచ్చే ఆడమనిషి ఉన్నది. ఆమె శ్రమ ఉన్నన్నాళ్ళు ఆ అవసరం ఎవరికీ అప్పుగా కనిపించదు. ఆమె పాసు పుస్తకం అడిగి చూశాను. గ్యాసు రాయితీ సొమ్ము రెండు సార్లు జమ అయి ఉన్నది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

1969 నాటి మాట

వెలుతురుకూ పరపతికీ ఉన్న బంధం మన ప్రాంతానికి కొత్తది కాదు. 1969 జూలైలో పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. అదే నెల 25వ తేదీన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. ఇటువంటి సంస్థ కావాలని సిఫారసు చేసింది విద్యుత్ నిపుణుల సంఘం కాదు, బి. వెంకటప్పయ్య గారి అధ్యక్షతన పనిచేసిన అఖిల భారత గ్రామీణ పరపతి సమీక్షా సంఘం. పల్లెకు కరెంటు రాకపోవడం తీగల కొరత కాదని, దీర్ఘకాలిక రుణాల కొరత అని ఆ పెద్దలు గుర్తించారన్న మాట.

ఆ సంస్థ తొలి అడుగులలో ఒకటి మన సిరిసిల్లలో పడింది. దేశంలో ప్రయోగాత్మకంగా ఎంపిక చేసిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలలో సిరిసిల్ల ఒకటి. మిగిలినవి కర్ణాటకలో హుకేరి, మహారాష్ట్రలో ముళా-ప్రవర, గుజరాతులో కోడినార్, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం 1969లో రిజిస్టరై 1970లో పంపిణీ మొదలుపెట్టింది. జనం నోట దాని పేరు సెస్. కనెక్షను తీసుకున్నవారు అందులో వాటాదారులు, పాలకవర్గానికి ఓటర్లు. 2022 డిసెంబరులో కూడా ఆ ఎన్నికలు జరిగాయి. ముళా-ప్రవర సంఘం 2011లో పంపిణీ లైసెన్సును కోల్పోయింది. తెలంగాణలో ఇటువంటిది నేడు సిరిసిల్ల ఒక్కటే. మరమగ్గాల పట్టణం ఒక సహకార సంఘం తీగల మీద నడిచిందన్న విషయం మన శిక్షణ తరగతులలో చెప్పవలసినంతగా చెప్పడం లేదు.

ఈ సంఘాల నమూనా అమెరికా దేశపు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల నుండి వచ్చింది. అక్కడ 1935లో పది రైతు ఇళ్ళలో ఒక ఇంటికి మాత్రమే కరెంటు ఉండేది. 1936లో వారు చేసిన చట్టంలో లైన్లు వేయడానికి సంఘాలకు రుణాలు ఇవ్వడంతోపాటు ఇంటి లోపల వైరింగుకు, విద్యుత్ పరికరాలకు కూడా రుణాలు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. పరికరం ఇంటికి ముందు వచ్చేది, దాని వాయిదాను కరెంటు బిల్లుతో కలిపి కట్టే పద్ధతి కూడా నడిచింది. స్తంభం గుమ్మం దాకా వచ్చినంత మాత్రాన ఇంట్లో దీపం వెలగదని వారికి తెలుసు.

మన దగ్గర నమూనాలోని మొదటి సగం బాగా నడిచింది. రెండవ సగం అంతగా నడవలేదు. లైనుకు రుణం దొరికింది గాని లోపలి వైరింగుకు, పొయ్యికి దొరకడం కష్టమైంది. 1988-89లో మొదలైన కుటీర జ్యోతి పథకం పేద ఇంటికి ఒక్క దీపం వరకు ఆ ఖర్చును భరించింది. 2017లో వచ్చిన సౌభాగ్య పథకం మిగిలిన ఇళ్ళకు కనెక్షన్లు ఇచ్చింది. 2024 మార్చి బిల్లుల నుండి గృహజ్యోతి కింద అర్హత గల ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేకుండా చేశారు. దానితో దీపం సమస్య చాలావరకు తీరింది. పొయ్యి సమస్య మిగిలింది.

గ్యాసు వచ్చిన తోవ

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం ప్రారంభమైంది. గ్యాసు కనెక్షను డిపాజిట్టును ప్రభుత్వం భరించి, పొదుపు సంఘాలలోని పేద మహిళలకు కనెక్షన్లు ఇప్పించింది. పొదుపు సంఘంలో ఉండటమే గ్యాసుకు తలుపు తెరిచింది. అప్పటివరకు ఏ గ్యాసు ఏజెన్సీ గడపా తొక్కని ఇళ్ళకు సిలిండరు వచ్చింది. కాని కనెక్షను పొందినవారు ఏడాదికి తీసుకున్న సిలిండర్లు తక్కువేనని తరువాతి పరిశీలనలలో తేలింది. తలుపు తెరిచారు గాని ప్రతి రెండు నెలలకూ ఆ గడప దాటే ఏర్పాటు చేయలేదు.

2016 మే 1న కేంద్రం ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించింది. డిపాజిట్టు ఉచితం. స్టవ్వుకు, మొదటి సిలిండరుకు డబ్బు లేనివారికి చమురు కంపెనీలే అప్పు ఇచ్చాయి. ఈ అప్పును వసూలు చేసిన పద్ధతి మనకు మంచి పాఠం. తరువాతి సిలిండర్ల మీద రావలసిన రాయితీని సభ్యురాలి ఖాతాకు పంపకుండా అప్పు కింద జమ వేసుకున్నారు. దాని వలన కొత్తగా గ్యాసు మొదలుపెట్టిన పేద ఇల్లు, అప్పు తీరేదాకా పూర్తి ధరకు గ్యాసు కొనవలసి వచ్చింది. రాయితీ అవసరం ఎక్కువ ఉన్నవారికే అది అందలేదు. 2018 ఏప్రిల్ నుండి తరువాతి ఆరు సిలిండర్ల వరకు ఆ వసూలును వాయిదా వేశారు. 2018 డిసెంబరు నాటికి ఉజ్జ్వల వినియోగదారులు ఏడాదికి సగటున 3.21 సిలిండర్లు మాత్రమే తీసుకున్నట్లు కాగ్ నివేదిక చూపింది. అయిదుగురున్న ఇంటికి పూర్తి వంటకు ఏడెనిమిదికి తక్కువైతే చాలవు. అప్పు ఇవ్వడం తప్పు కాదు. వసూలుకు ఎంచుకున్న చోటు తప్పు.

మన రాష్ట్రంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పది ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళు వంటకు ప్రధానంగా శుభ్రమైన ఇంధనాన్నే వాడుతున్నాయి. దేశం మొత్తం మీద అది నూటికి 58.6 మాత్రమే. ఇది సంతోషించదగిన విషయం. అయితే 'ప్రధానంగా' అన్న మాటలో చాలా విషయం దాగి ఉన్నది. ఛాయ, కూర గ్యాసు మీద, అన్నం కట్టెల మీద, స్నానపు నీళ్ళు, పశువుల కుడితి కట్టెల మీద జరిగే ఇళ్ళు పాడి ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇల్లు సర్వేలో గ్యాసు ఇల్లే.

రాయితీ బ్యాంకు ఖాతాకు నేరుగా వచ్చే పద్ధతి 2015 జనవరి నుండి దేశమంతటా అమలైంది. అంతకు కొద్ది నెలల ముందు, 2014 ఆగస్టులో, జన ధన ఖాతాలు మొదలైనాయి. ఆ నాటి నుండి బ్యాంకు ఖాతా లేని ఇంటికి చవక గ్యాసు లేదు. ఖాతా ఉంటే సరిపోతుందా అంటే అదీ కాదు. ఒక మనిషికి రెండు మూడు ఖాతాలు ఉంటే, ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకు సొమ్ము పోతుంది. ఆ ఖాతా ఏదో మనిషికి గుర్తుండదు. 2017లో ఒక టెలిఫోను కంపెనీకి చెందిన చెల్లింపుల బ్యాంకులో, ఖాతాదారులకు తెలియకుండానే తెరిచిన లక్షల ఖాతాలలోకి గ్యాసు రాయితీ వెళ్ళిందని తేలి పెద్ద గొడవ జరిగింది. మన పాసు పుస్తకపు అమ్మకు జరిగింది అంత పెద్దది కాదు గాని జాతి ఒక్కటే.

2024 ఫిబ్రవరి 27న మన రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం కింద రూ. 500కు సిలిండరు ప్రారంభమైంది. ఇందులో కూడా ముందు పూర్తి ధర చెల్లించాలి, తేడా సొమ్ము తరువాత ఖాతాకు వస్తుంది. ఒక ఇంటికి ఎన్ని సిలిండర్లకు రాయితీ అన్నది అంతకుముందు మూడేళ్ళలో ఆ ఇల్లు వాడిన సగటును బట్టి నిర్ణయించారు. ఈ నిబంధనను రెండుసార్లు చదవాలి. డబ్బు లేక మూడేళ్ళు తక్కువ సిలిండర్లు తీసుకున్న ఇంటికి రాయితీ కూడా తక్కువ సిలిండర్లకే అన్న మాట. చేతిలో రొక్కం లేకపోవడం ఆ ఒక్క నెలతో పోదు, తరువాతి హక్కును కూడా కోసివేస్తుంది.

అప్పు అన్నది రెండంచుల కత్తి

ఇదంతా చూసి, అయితే అందరికీ అప్పులు ఇప్పించండి అనే తొందర కూడదు. 2010లో ఉమ్మడి రాష్ట్రం సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళను అదుపు చేయడానికి అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వారపు కిస్తీ వారం తిరిగేసరికి ఇంటి ముందుకు వచ్చేది, ఆ వారం ఇంటికి రాబడి ఉన్నదా లేదా అన్న ప్రశ్న లేదు. సిరిసిల్ల నేత ఇళ్ళకు అప్పుల బాధ ఎటువంటిదో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. కిస్తీ రాబడి వెంట నడవాలి. రాబడి కిస్తీ వెంట పరుగెత్తితే ఆ ఇల్లు నిలవదు.

మంచి ఉదాహరణలు కూడా ఉన్నాయి. పక్కనున్న కర్ణాటకలో 2003 నుండి కెనరా, సిండికేటు బ్యాంకులు ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ సహాయంతో వడ్డీ భారం తగ్గించి ఇళ్ళలో సౌర దీపాలకు రుణాలు ఇచ్చాయి. దీపం అక్కడ అంతకుముందూ అమ్మకానికి ఉన్నది. వాయిదా వచ్చిన తరువాతనే పల్లెలకు చేరింది. బంగ్లాదేశ్‌లో 1996లో ఏర్పడిన గ్రామీణ్ శక్తి కూడా నెలవారీ వాయిదాల మీదనే లక్షల ఇళ్ళకు సౌర దీపాలు పెట్టింది.

పాల బిల్లు మీద ఏర్పాటు

ఇక మన పని. సంఘం ముందు అప్పు ఇవ్వనక్కరలేదు. సభ్యురాలి సొంత డబ్బునే కొంచెం కొంచెంగా పక్కన పెట్టి, బండి వచ్చే రోజున మొత్తంగా చేతికి ఇస్తే చాలు. ఒక లెక్క వేద్దాం. ఇక్కడి అంకెలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఊరి ధరలు వేసుకోండి.

ఒక్క బర్రె ఉన్న ఇల్లు. రోజుకు 4 లీటర్లు, లీటరుకు రూ. 40. పక్షపు బిల్లు రూ. 2,400. సిలిండరు ధర రూ. 960 అనుకుందాం. రెండు నెలలకు ఒకటి చొప్పున ఏడాదికి ఆరు సిలిండర్లు, మొత్తం రూ. 5,760. నాలుగు పక్షాలకు ఒక సిలిండరు కనుక పక్షానికి రూ. 240 పక్కన పెడితే సరిపోతుందని కార్యదర్శులు వెంటనే చెబుతారు. సరిపోదు. బర్రె ఏడాది పొడుగునా పాలివ్వదు. ఎనిమిది నెలలు ఇచ్చి నాలుగు నెలలు వట్టిపోయిందనుకుంటే బిల్లు వచ్చేది పదహారు పక్షాలే. కాబట్టి పక్షానికి రూ. 360 పక్కన పెట్టాలి. పదహారు పక్షాలకు సరిగ్గా రూ. 5,760 అవుతుంది.

ఈ వట్టిపోయిన నాలుగు నెలల సంగతే అన్నింటికంటే ముఖ్యం. మన దగ్గర బర్రెలు ఎక్కువగా వానాకాలం చివర, చలికాలం మొదట ఈనుతాయి. చలికాలంలో పాలు పుష్కలం, ఎండాకాలంలో కరువు. పాల బిల్లు ఆగిన వెనుకనే వానలు పడతాయి, కట్టె తడుస్తుంది. డబ్బు లేని కాలం, తడి కట్టె కాలం ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. గ్యాసు బండి మూలకు చేరేది ఆ నెలలలోనే. చలికాలపు పాలతో వానాకాలపు గ్యాసు కొనిపెట్టే పనిని వడ్డీ వ్యాపారి చేయడు, పెద్ద బ్యాంకు మేనేజరుకు తీరిక ఉండదు. పాల సంఘం చేయగలదు, ఎందుకంటే ఏ ఇంటి బర్రె ఎప్పుడు ఈనిందో, ఎప్పుడు వట్టిపోయిందో దాని రిజిస్టరులోనే ఉన్నది.

రూ. 360 అంటే బిల్లులో నూటికి పదిహేను. దాణా ఖర్చు పోగా ఇది తక్కువ భారం కాదు. దీన్ని దాచిపెట్టి మహాసభలో తీర్మానం చేయించకూడదు. రాయితీ కింద తిరిగివచ్చే సొమ్ము ఉన్న ఇళ్ళలో భారం దాదాపు సగమవుతుంది, కాని అది బ్యాంకు ఖాతాకు వెళుతుంది గనుక సభ్యురాలికి చెప్పాలి, పాసు పుస్తకం నింపించుకు రమ్మనాలి. రోజుకు రెండు లీటర్లు మాత్రమే పోసే ఇంటికి ఈ మొత్తం మోయరానిది. అటువంటి వారికి ఏడాదికి మూడు సిలిండర్ల లెక్క వేయాలి, లేదా 5 కిలోల చిన్న సిలిండరు గురించి ఏజెన్సీని అడిగి తెలుసుకోవాలి.

"మన సంఘం ఉన్నది పాలు కొనడానికా, గ్యాసు వసూళ్ళకా?" అని ఒక అధ్యక్షుడు నన్ను నిలదీశారు. దాణాకు పట్టుకుంటున్నాం, పశువుల మందుకు పట్టుకుంటున్నాం. బర్రెకు తిండి పెట్టడానికి పట్టుకోవచ్చు గాని బర్రెను సాకే మనిషి తిండి వండుకోవడానికి పట్టుకోరాదనడం నాకు న్యాయంగా తోచదు.

కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. సభ్యురాలు వ్రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే మినహాయింపు చేయాలి, ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపి నిలవ ఇచ్చివేయాలి. ఉపవిధులలో ఇందుకు వీలు లేకుంటే మహాసభలో సవరణ చేసి రిజిస్టరు చేయించుకోవాలి. ఈ సొమ్మును సంఘం వ్యాపారపు సొమ్ముతో కలుపరాదు, దాణా కొనుగోలుకు సర్దుబాటు చేయరాదు. దగ్గరలోని సహకార బ్యాంకు శాఖలో వేరే ఖాతా తెరవాలి. దుకాణదారుల బాకీలను సంఘం బిల్లులో నుండి పట్టి ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. అది ఏ ఉపవిధిలోనూ లేని పని, దానిని ఆపకుండా ఇది మొదలుపెడితే సభ్యురాలికి మిగిలేది సున్న.

పేరు ఎవరిది అన్నది అన్నిటికంటే చిక్కు ప్రశ్న. పాలు పోసేది భార్య, సభ్యత్వం భర్తది, బిల్లు పడేది భర్త ఖాతాలో. భర్త దుబాయిలో, మస్కట్‌లో ఉన్న ఇళ్ళు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఏటీఎం కార్డు అత్త దగ్గరో, మరిది దగ్గరో ఉంటుంది. ఊరి లెక్కలో అది డబ్బున్న ఇల్లు. పొయ్యి దగ్గర ఉన్న మనిషి చేతిలో మాత్రం బస్సు కిరాయి కూడా ఉండదు. ఇటువంటి చోట గ్యాసు పొదుపు పాలు పోసే ఆమె పేరు మీదనే వ్రాయాలి. వీలైతే సభ్యత్వమే ఆమె పేరుకు మార్పించాలి. ముల్కనూరు మహిళా పాల సహకార యూనియన్ 2002 నుండి మహిళా సభ్యులతోనే నడుస్తున్నది. అక్కడ చేయగలిగినది ఇక్కడ కాదనడానికి కారణం కనిపించదు.

పేడ ఉండగా

రెండు మూడు పశువులు కట్టివేసి పెంచే ఇంటికి సిలిండరు కంటే గోబర్ గ్యాసు మేలు. రోజుకు 25 కిలోల పేడతో ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. రెండు పెద్ద బర్రెల పేడ ఇందుకు చాలు. ఘనపు మీటరు గోబర్ గ్యాసు సుమారు 430 గ్రాముల వంట గ్యాసుకు సమానం కనుక, బాగా నడిచే చిన్న ప్లాంటు నెలకు దాదాపు ఒక సిలిండరు పని చేస్తుంది. ఎరువు ఎరువుగా మిగులుతుంది. మరి మన ఊళ్ళలో 1980ల నాటి ప్లాంట్లు ఎందుకు మూలపడ్డాయి? కొన్ని మేస్త్రీ పని బాగులేక పగిలాయి, కొన్ని బర్రెలు అమ్ముకున్నాక ఆగాయి. ఒక ఊరిలో డోము లోపల కోళ్ళు గుడ్లు పెడుతుండగా చూశాను. ఇక్కడ కూడా డబ్బు చిక్కు ఉన్నది. ప్లాంటు పూర్తయి తనిఖీ అయిన తరువాతనే రాయితీ వస్తుంది. సిమెంటు, ఇటుక, మేస్త్రీ కూలి ముందే కావాలి. గుజరాతులో ఆణంద్ జిల్లా జకరియాపురాలో మహిళలు ఇళ్ళ పక్కన చిన్న ప్లాంట్లు పెట్టుకొని, మిగిలిన పేడ రసాన్ని తమ సహకార సంఘానికే అమ్ముకుంటున్నారు. ప్లాంటు నుండి కొంత రాబడి వస్తే దానిని బాగుచేయించుకునే శ్రద్ధ కూడా ఉంటుంది. రాయితీ వచ్చేదాకా అవసరమైన మధ్యకాలపు రుణాన్ని ప్రాథమిక పరపతి సంఘం ద్వారా గాని, మహిళలు స్త్రీనిధి ద్వారా గాని పొందడానికి వీలున్నదేమో కార్యదర్శి కనుక్కొని చెప్పాలి. వాయిదాలు మాత్రం పాలిచ్చే నెలలలోనే పెట్టించాలి.

గ్యాసు పొదుపు పుస్తకానికి వేరే ఫారం అచ్చు వేయించనక్కరలేదు. దాణా బాకీల లెడ్జరు గళ్ళే సరిపోతాయి: తేదీ, లీటర్లు, మినహాయింపు, ఇచ్చిన సొమ్ము, నిలవ. చివర ఒక గడి చేర్చి అందులో బర్రె ఈనిన నెల, వట్టిపోవచ్చునని అనుకునే నెల వ్రాయాలి. వట్టిపోయే నెలకు ముందు పక్షంలో నిలవ రెండు సిలిండర్లకు సరిపడా ఉన్నదో లేదో చూసి, తక్కువైతే అప్పుడే సభ్యురాలికి చెప్పాలి. ప్రతి మార్చి 31న నిలవను చదివి వినిపించి సంతకం గాని వేలిముద్ర గాని తీసుకోవాలి. భర్త సంతకం చెల్లదు.